డ్యామ్ మీద గుమ్మడికాయ

ప్రివ్యూ థియేటర్లో లైట్లు వెలిగేసరికి సత్యనారాయణమూర్తి చచ్చిపోయి ఉన్నాడు.

మొదట ఎవరూ గమనించలేదు. ఫిల్మ్‌నగర్‌లో ప్రివ్యూ చూస్తూ నిద్రపోవడం కొత్త సంగతేమీ కాదు. తల పక్కకు వాల్చి, నోరు కొద్దిగా తెరిచి, హాయిగా కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు. నిర్మాతకైతే ఒళ్లు మండింది. తన పిక్చర్ క్లైమాక్స్‌లో నిద్రపోయేవాడికి కాఫీ కూడానా అని గొణిగాడు. భుజం పట్టి కుదపబోయిన కెమెరామన్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కాళ్ల దగ్గర ఖాళీ కాఫీ కప్పు దొర్లుతోంది. డాక్టరొచ్చి హార్ట్ ఎటాక్ అన్నాడు. అసిస్టెంట్ డైలాగ్ రైటర్, పాపం పెళ్లి కూడా కాలేదు అనుకుని ఇండస్ట్రీ ఓ పూట బాధపడి, మర్నాడు షూటింగులకు వెళ్లిపోయింది.

ఆ ఒక్క ముక్కలో ఎన్ని అబద్ధాలో. మూర్తిని చంపింది గుండె కాదు, కాఫీ. అతను రైటర్ కాదు, కేంద్ర గూఢచారి విభాగంలో ఏజెంట్. ఇక పెళ్లంటారా, శుభ్రంగా అయింది. భార్య పేరు జగదాంబ. ఆమెదీ అదే విభాగం. మోతీనగర్‌లో ఓ పోర్షన్ అద్దెకు తీసుకుని, చుట్టుపక్కల ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే టీచరమ్మగా చలామణీ అవుతోంది. భార్యాభర్తలు ఒకేచోట కనిపించకూడదని డిపార్ట్‌మెంట్ రూలు. అందుకని శవం దగ్గర కూర్చుని ఏడ్చే హక్కు కూడా ఆమెకు లేకపోయింది. జనంలో ఒకతెగా నిలబడి, పరాయిదానిలా చూసి, సిటీ బస్సెక్కి ఇంటికొచ్చింది. తలుపేసుకున్నాక కూడా ఏడవలేదు. పళ్లు నూరింది.

ఆ సాయంత్రం మూర్తి పక్క సీట్లో కూర్చున్నది ఎవరో ఆమెకు తెలుసు. మంజులత. హీరోయిన్.

అది 1989 ఆగస్టు. షేక్‌పేట వెళ్లే దారిలో సినిమా వాళ్లకు విగ్గులు అద్దెకిచ్చే షాపొకటి ఉండేది. జగదాంబ కౌంటర్ దగ్గరకు వెళ్లి, పొడుగు సవరం కావాలి, తిరుపతి జుట్టే కావాలి అంది. దేవుడికిచ్చిన జుట్టు వెనక్కి రాదమ్మా అన్నాడు కౌంటర్లో మనిషి. అయితే దేవుణ్ణే అడుగుతాను అందామె. కోడ్ సరిపోయింది. వెనక తెర లేచింది.

లోపల చెక్క తలల మీద వరసగా విగ్గులు. వాటి మధ్య నున్నటి గుండుతో చీఫ్ వీరరాఘవయ్య.

ఆయన బ్రీఫింగ్ ఎప్పుడూ టెలిగ్రామంత ఉంటుంది. ఫెలిక్స్ రోడర్. పాస్‌పోర్ట్ ప్రకారం ప్రొఫెసర్, బౌద్ధ శిల్పాల మీద డాక్యుమెంటరీ తీయడానికి వచ్చాడు. నిజానికి ఓ విదేశీ ముఠాకు నాయకుడు. నాగార్జునసాగర్ డ్యామ్ మీద గేట్లెత్తే మోటార్ల గదిని పేల్చెయ్యడం అతని పని. రిజర్వాయర్ నిండి ఉంది. పైనుంచి వరద వస్తోంది. గేట్లు లేవకపోతే నీళ్లు డ్యామ్ మీద నుంచి పొర్లుతాయి. కింద ఉన్న ఊళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మంజులత పిక్చర్‌కు పెట్టుబడి పెడుతున్నది కూడా రోడరే. దాన్లో ఒక పాట సాగర్ దగ్గర్లోని అనుపులో, ఆ తర్వాత డ్యామ్ మీద తీస్తారు. యూనిట్ సామాన్లతో పాటే బాంబు కూడా వెళ్తుంది.

మంజులత మనకు సమాచారమిచ్చే మనిషి. రోడర్ కబుర్లు మనకు చేరేస్తుందని మూర్తి ఆమెను పెంచి పోషించాడు. ఆమె మన కబుర్లు కూడా అటు చేరేస్తోందని కనిపెట్టాడు. ఆ సంగతి రిపోర్ట్ చేసేలోపు ప్రివ్యూకి రమ్మని పిలుపొచ్చింది; సగం రాసిన రిపోర్ట్ అతను పోయాక గదిలో దొరికింది.

అంతా చెప్పి, ఈ పనికి వేరేవాళ్లను పంపుతున్నానని తేల్చేశాడు చీఫ్. జగదాంబ కళ్లు చూస్తుంటే తనకే భయంగా ఉందన్నాడు.

"మంజులత హెయిర్ డ్రెస్సర్ నిన్న పని మానేసింది సార్," అంది జగదాంబ. "మాన్పించింది నేనే. రేపట్నించి ఆ జుట్టు దువ్వేది కాకినాడ అమ్మాజీ. అంటే నేను."

చీఫ్ గుండు నిమురుకున్నాడు. "రోడర్ ప్రాణాలతో కావాలి. మంజులత కూడా ప్రాణాలతో కావాలి. ముఠాలో మిగతా పేర్లు ఆమెకే తెలుసు."

"అలాగే సార్."

అలాగే అనడానికి నోరుంటే చాలు. లోపల మాత్రం ఆమె మంజులతను అప్పటికి వందసార్లు చంపింది.

వెళ్లే ముందు చీఫ్ ఒక హెయిర్ డ్రయ్యర్ ఇచ్చాడు. చూడటానికి మామూలుదే. స్విచ్చేస్తే వేడిగాలి, దాంతోపాటు దగ్గర్లో ఏ రేడియో సిగ్నల్నీ పనిచెయ్యనివ్వని జామర్. కరెంటున్నంత సేపే పనిచేస్తుంది.

* * *

జూబ్లీహిల్స్‌లో మంజులత ఇల్లు బండల మీద కట్టారు. మేడమీద డ్రెస్సింగ్ రూమ్, నిలువెత్తు అద్దం. మంజులత అద్దం ముందు కూర్చుంటే జగదాంబ వెనక నిలబడి జుట్టు విప్పేది. చిక్కు తీసేది. పాయలు విడదీస్తుంటే తెల్లటి మెడ బయటపడేది. తన మొగుణ్ణి చంపిన మనిషి మెడ రోజూ పొద్దున్నే రెండు చేతుల మధ్యకు వస్తుంటే, ఆ చేతులకు జడ అల్లడం ఒక్కటే నేర్పిపెట్టడం ఎంత కష్టమో అనుభవిస్తే గానీ తెలియదు. జగదాంబ అల్లింది. పూలు కూడా పెట్టింది.

మంజులత చెడ్డగా చూసుకునే మనిషి కాదు, అదింకా మంట. తాను తాగే కాఫీయే అమ్మాజీకీ ఇప్పించేది. జగదాంబ దాన్ని వాష్ బేసిన్‌లో పారబోసేది. కెమెరా ముందు కృష్ణా జిల్లా భాషను వెన్నముద్దలా పలికే హీరోయిన్, గదిలో మాత్రం పుట్టిన భాష మాట్లాడేది.

"జర మెల్లగ దువ్వు అమ్మాజీ, నొస్తుంది. నాది ఎర్రగడ్డ. అసలు పేరు భూలక్ష్మి. గా పేరుతోటి నాకు హీరోయిన్ వేషం ఎవలిస్తరు?"

ఏ పేరైతేనేమమ్మా, మొహం కళగా ఉంటే చాలదూ అని నవ్వింది జగదాంబ. ఆ నవ్వు మొహానికి అతికించుకోవడానికి ఆమెకు చాలా ఓపిక పట్టింది.

యూనిట్ సాగర్‌కు బయలుదేరింది. మొదటి రోజు షూటింగ్ అనుపులో. నీట మునిగిపోయే లోయలోంచి రాయి రాయీ తెచ్చి మళ్లీ పేర్చిన బౌద్ధ విహారాలు, మెట్లు మెట్లుగా రాతి రంగస్థలం. పాట తీస్తుంటే రోడర్ తన కెమెరాతో వచ్చి, యూనిట్ అందర్నీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. కింద మధ్యలో నిలబడి మెల్లగా మాట్లాడినా పై మెట్టు దాకా వినిపిస్తుందట. వందల ఏళ్ల నాటి ఇంజనీరింగట. చిటిక వేసి చూపించాడు. లైట్‌మెన్ చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం యూనిట్ భోజనాలకు వెళ్తే, అదే చోట నిలబడి రోడర్ మంజులతతో గుసగుసలాడాడు. పై మెట్టు మీద నీడలో జగదాంబ సవరం ముందేసుకుని దువ్వుతోంది. ప్రొఫెసర్‌గారు చెప్పిన పాఠం ప్రొఫెసర్‌గారికే ఎక్కలేదు. ప్రతి మాటా గంట కొట్టినట్టు వినిపించింది. రేపు డ్యామ్ మీద నీ పాట పూర్తి చేసుకుని హైదరాబాద్ వెళ్లిపో. యూనిట్ అంతా వెళ్లాక అసలు పని జరుగుతుంది. నీకు ఏ అపాయమూ లేదు. ఇదీ అతను చెప్పింది. మంజులత తలూపింది.

జగదాంబ ఆ మాట దువ్వెనలో దాచిన ట్రాన్స్‌మిటర్ ద్వారా చీఫ్‌కు చేరవేసింది. షూటింగ్ అయ్యేదాకా టైముందన్న మాట. ఆ రాత్రి చీఫ్ మనుషులు ఎలక్ట్రీషియన్ల వేషాల్లో వచ్చి యూనిట్ పెట్టెలన్నీ గాలించారు. లైట్లు, ట్రాలీ, కాస్ట్యూములు, చివరికి వంటవాళ్ల గుండిగలు కూడా. ఏమీ దొరకలేదు.

* * *

మర్నాడు డ్యామ్ మీద ఎండ ఫెళ్లున కాస్తోంది. ఒకవైపు కనుచూపు మేర నీళ్లు, రెండోవైపు చూస్తే కళ్లు తిరిగే లోతు. మోటార్ల గదికి ఎదురుగా కెమెరా పెట్టారు. మంజులత నీలం చీరలో గాలికి ఎదురు నడిచింది, తిరిగింది, నవ్వింది. డైరెక్టర్ ఓకే అన్నాడు. డ్యామ్ మీద తీయాల్సిన ఆఖరి షాట్ అదే. యూనిట్ అంతా డ్యామ్ చివరనున్న భోజనాల షామియానా వైపు కదిలింది. ప్రొడక్షన్ మేనేజర్ చలపతిరావు లంచ్ క్యారియర్లు తానే తెస్తానంటూ జీపెక్కి చక్కా పోయాడు. ఇతన్ని ఈ మధ్యే రోడర్ బొంబాయి నుంచి తెప్పించి యూనిట్‌లో పెట్టాడు. క్యారియర్ల కోసం స్వయంగా వెళ్లే మేనేజర్‌ని జగదాంబ ఎక్కడా చూడలేదు. ఆ అనుమానంతో అటే చూస్తుంటే వెనకనుంచి మంజులత గొంతు వినిపించింది.

"ఎవల్రా గీడ గుమ్మడికాయ పెట్టింది? ఇంక రెండు పాటలున్నయి, క్లైమాక్స్ ఉంది. నడుమల గుమ్మడికాయ ఏందిరా?"

మోటార్ల గది గుమ్మం పక్కన పెద్ద బూడిద గుమ్మడికాయ. ఒళ్లంతా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. పక్కన పళ్లెంలో కర్పూరం.

సినిమా వాళ్ల లోకంలో మొదలు కొబ్బరికాయ, ఆఖరు గుమ్మడికాయ. పిక్చర్ షూటింగ్ మొత్తం అయిపోయిన రోజున, చిట్టచివరి షాట్ తీశాక, కెమెరాకు హారతిచ్చి గుమ్మడికాయ కొడతారు. అంతకుముందు దాన్ని లొకేషన్‌కు తెస్తే ఆ పిక్చర్ ఇక పూర్తి కాదని నమ్మకం. నిన్నగాక మొన్న చేరిన లైట్‌మన్‌కు కూడా ఈ సంగతి తెలుసు. రోడర్ చదివి వచ్చినదాంట్లో సగమే ఉన్నట్టుంది. షూటింగ్ అయిపోతే గుమ్మడికాయకు పూజ చేస్తారు, పసుపు కుంకుమలు పెట్టినదాన్ని ఏ సెక్యూరిటీ వాడూ ముట్టుకోడు. అంతవరకూ సరిగ్గానే తెలుసుకున్నాడు. ఈరోజు అయిపోవడం వేరు, పిక్చర్ అయిపోవడం వేరని బుద్ధుడి మీద పుస్తకాలు రాసేవాడికి ఎవరు చెప్తారు?

మంజులత తిట్టు సగంలో ఆగిపోయింది. మొహంలో రంగు దిగిపోయింది. రోడర్ దృష్టిలో పిక్చర్ ఈరోజుతో సరి. పిక్చర్ సరే, మరి హీరోయిన్? యూనిట్ వెళ్లాక అన్నాడు. అపాయం లేదన్నాడు. ఆమెకు అర్థమైంది. అదే క్షణంలో జగదాంబకూ అర్థమైంది.

పారిపోబోయిన మంజులత చెయ్యి జగదాంబ పట్టుకుంది. రెండో చేత్తో డ్రయ్యర్ స్విచ్ నొక్కింది. మేకప్ కుర్చీ కోసం జనరేటర్ నుంచి లాగిన వైరు అక్కడే ఉంది. డ్రయ్యర్ బుర్రుమంది.

"కదలకు. ఇది తిరుగుతున్నంతసేపే ఆ బాంబు పేలదు. పరిగెత్తావంటే ఇది ఆపేస్తాను."

"అమ్మాజీ, నువ్వు..."

"అమ్మాజీని కాదు. సత్యనారాయణమూర్తి పెళ్లాన్ని."

మంజులత ఆమె మెడకేసి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. "ఆయనకు పెండ్లి కాలేదు గద."

"అయింది. ఎందుకు చంపావు?"

"బొంబాయిల పెద్ద పిక్చరిప్పిస్తనన్నడు. హీరోయిన్ వేషం."

"అంతేనా?"

"గంతే."

జగదాంబ బొటనవేలు స్విచ్ మీదే ఉంది. ఏదో ప్రాణభయం అని ఉంటే, బిడ్డనెత్తుకుపోయి బెదిరించారని ఉంటే ఆమె కోపానికి ఒక గట్టు దొరికేదేమో. ఒక్క వేషం కోసం. ఎవరూ చూడకపోయినా పోయే ఒక్క సినిమా కోసం. స్విచ్ కాస్త వదిలితే చాలు, ఇద్దరూ ఇక్కడే పోతారు, లెక్క సరిపోతుంది. అలా అనుకుంది. నిజంగానే అనుకుంది. కానీ షామియానా కింద అన్నం తింటున్నవాళ్లు కనిపిస్తున్నారు. కింద, ఏటి ఒడ్డున ఎవరివో ఊళ్లు. పగ తనది. వాళ్లది కాదు.

డ్రయ్యర్ మంజులత చేతిలో పెట్టి, గుమ్మడికాయ మీదికి గురిపెట్టి కదలకుండా పట్టుకోమంది. తాను మోకాళ్ల మీద కూర్చుంది. తొడిమ చుట్టూ సన్నటి గాటు, దాని మీద మైనం, మైనం మీద పసుపు. జడపిన్నుతో మైనం గీకి మూత లేపింది.

"వాండ్లు నన్ను బతకనియ్యరు అమ్మా," అంది మంజులత. "నోరిప్పినోన్ని ఏ దేశంల దాక్కున్నా ఏరి చంపిండ్రు. నన్ను మీరే కాపాడాలె."

"చెయ్యి కదిలించకు."

అప్పుడే జనరేటర్ ఆపరేటర్ బాలనర్సయ్య వ్యాన్ దగ్గరనుంచి కేకేశాడు, లంచ్ బ్రేక్, బంద్ చేస్తున్నానని. మంజులత గొంతు చించుకుంది.

"బంద్ చెయ్యకురా నర్సన్నా! నీకు దండం పెడత, జర ఆగు!"

హీరోయిన్ నోట ఎర్రగడ్డ భాష విని అతను బిత్తరపోయాడు. చెయ్యి తీశాడు గానీ, డీజిల్ అయిపోవచ్చింది, ఎంతసేపు నడుస్తుందో తాను చెప్పలేనన్నాడు.

గుమ్మడికాయ లోపల గుజ్జు తీసేసి మట్టి రంగు ముద్ద కూరారు. మధ్యలో చిన్న పెట్టె, బ్యాటరీ, తీగలు. ఇలాంటప్పుడు ఎర్ర తీగ కోయాలా, నీలం తీగ కోయాలా అని తర్జనభర్జన పడటం ఆనవాయితీ. ఇక్కడ ఆ అదృష్టం కూడా లేదు, కారిన పసుపునీళ్లకు తీగలన్నీ ఒకే రంగులో ఉన్నాయి. జగదాంబ తీగల జోలికి పోలేదు. బ్యాటరీ కింద పిన్ను దూర్చి పైకి నెట్టింది. ఊడలేదు. జనరేటర్ దగ్గింది. డ్రయ్యర్ గొంతు మారింది. మళ్లీ నెట్టింది. పిన్ను వంగిపోయింది. ఇక వేళ్లతోనే పట్టి, గోరు విరిగి రక్తం కారుతున్నా పీకింది. బ్యాటరీ ఊడి చేతిలోకి వచ్చింది. జనరేటర్ ఆగిపోయింది. డ్రయ్యర్ ఆగిపోయింది.

పెట్టె మీద చిన్న బల్బొకటి వెలగబోయి ఆరిపోయింది.

* * *

అదే సమయానికి నాగార్జునకొండ వెళ్లే లాంచీలో రోడర్ డెక్ మీద నిలబడి, డ్యామ్ వైపు చూస్తూ, వెలుతురు కొలిచే లైట్ మీటర్‌లో దాచిన బాంబు రిమోట్ నొక్కుతున్నాడు. కొండమీది మ్యూజియానికి వెళ్తున్న యాత్రికులు వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ అతన్నే చూస్తున్నారు. నొక్కాడు, విదిలించాడు, మళ్లీ నొక్కాడు. పక్కన కాషాయం కట్టుకున్న ఓ బౌద్ధ భిక్షువు ఎంతో దయగా, ఈ ఎండలో రీడింగ్ రావడం లేదా సార్ అని అడిగాడు. జవాబు వచ్చేలోపు కాషాయం మడతల్లోంచి బేడీలు బయటికొచ్చాయి. చీఫ్ వీరరాఘవయ్యకు ఆ వేషానికి విగ్గు అవసరం లేకపోయింది. చలపతిరావు చెక్‌పోస్ట్ దగ్గర దొరికాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడక్కముందే గుమ్మడికాయ సంగతి తనకేమీ తెలియదన్నాడు.

లాంచీ స్టేషన్ దగ్గర చీఫ్ జగదాంబను పక్కకు పిలిచాడు. చెప్పడానికి ఆయనకు సిగ్గుగానే ఉన్నట్టుంది, నేల చూపులు చూశాడు. పై నుంచి ఆర్డర్ వచ్చిందట. రోడర్ మీద కేసు ఉండదు. వాళ్ల దేశంలో చిక్కిన మన మనిషి ఒకడున్నాడు, అతన్ని వదిలిపెడితే ఇతన్ని పంపేస్తారు. వారంలో విమానమెక్కుతాడు. మంజులత అప్రూవర్. పేర్లన్నీ చెప్తానంది. చెప్పాక స్వేచ్ఛగా పోవచ్చు.

"మరి మా ఆయన?" అంది జగదాంబ.

"డిపార్ట్‌మెంట్ మీ త్యాగాన్ని..."

ఆమె వినడం లేదు. లోపల ఇన్నాళ్లు కుతకుత ఉడికింది ఒక్కసారిగా చల్లబడింది. ఏం చెయ్యాలో తెలిసిపోయిన మనిషికి ఆవేశం అక్కర్లేదు.

ఒక జీపులో రోడర్, బేడీలతో. కాస్త దూరంలో ఇంకో జీపు పక్కన మంజులత, బేడీలు లేకుండా, ఎవరో ఇచ్చిన కూల్ డ్రింక్ తాగుతోంది. ఎక్కడినుంచో ధైర్యం తిరిగొచ్చినట్టుంది, చీర కుచ్చెళ్లు సర్దుకుంటోంది. తన సంగతి రోడర్‌కు ఏమీ తెలియదన్న ధైర్యం అది. పట్టుబడిన మనిషే గాని ద్రోహం చేసిన మనిషి కాదు, అతని లెక్కలో.

జగదాంబ ఆమె దగ్గరకు వెళ్లింది. గోరు విరిగిన వేలికి గుడ్డ చుట్టుకుని ఉంది. రెండు చేతులూ జోడించింది. ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడదీసి, రోడర్ జీపు దాకా వినిపించేలా చెప్పింది.

"థాంక్యూ మంజులతగారూ. గుమ్మడికాయ సంగతి మీరు చెప్పి ఉండకపోతే మేము కనిపెట్టేవాళ్లం కాదు. దాని ముందు జామర్ పట్టుకున్నదీ మీ చేతులే. ఈ డ్యామ్‌ను కాపాడింది మీరే."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

రోడర్ తల తిప్పి మంజులతను చూశాడు. కోపంగా కూడా కాదు. ఇంటికి వెళ్లాక చెయ్యాల్సిన పని గుర్తుపెట్టుకునే మనిషిలా చూశాడు. మంజులత చేతిలోంచి సీసా జారిపడింది.

* * *

వారం తర్వాత రోడర్ విమానమెక్కాడు. ఆ మర్నాడు విగ్గుల షాపు వెనక గదిలో చీఫ్ జగదాంబను నిలదీశాడు. మంజులత పేర్లన్నీ చెప్పేసింది, కోర్టు కూడా ఒప్పుకుంది, వెళ్లిపొమ్మంటే వెళ్లడం లేదు. జూబ్లీహిల్స్ ఇల్లు వద్దట. జైల్లోనే ఉంచమని వార్డర్ కాళ్లు పట్టుకుంటోంది. వేరేవాళ్లు తినగా మిగిలిందే తింటోంది. రాత్రిళ్లు తలుపు చప్పుడైతే మంచం కింద దూరుతోంది.

"ఆమె ఒంటి మీద ఒక్క గీత లేదు," అన్నాడు చీఫ్. "అయినా మనిషి మనిషిలా లేదు. ఏం చేశారు మీరు?"

"థాంక్స్ చెప్పాను సార్," అంది జగదాంబ. "ఇండస్ట్రీలో ఆ అలవాటు బొత్తిగా పోయింది."